గంట గోపురం కింది మూట

పోయిన నెల మొదటి ఆదివారం మా చర్చిలో ఆరాధన అయిపోయాక ఎవరినీ లేవవద్దన్నారు. పాత చర్చిలో అయితే పది ఆజ్ఞల చెక్క పలక వేలాడే చోట, ఈ కొత్త చర్చిలో మంచం దుప్పటంత తెర ఒకటి పెట్టారు. దాని మీద ‘ఆత్మీయ ఎదుగుదలకు వనరులు’ అని అక్షరాలు ఎగురుకుంటూ వచ్చి నిలబడ్డాయి. వాటి కింద చీమలు పట్టినట్టు నల్లచుక్కల చదరం ఒకటి. మా పాస్టరుగారు ముప్పై దాటని కుర్రవారు. మంచివారే. ఎండలో నడిచి వచ్చిన ముసలివాళ్ళకి తానే మంచినీళ్ళు తెచ్చి ఇస్తారు. “ఫోన్లు తియ్యండి, స్కాన్ చెయ్యండి, అంతే. రోజుకో వాక్యం, రోజుకో ప్రసంగం, పాటలు, ప్రార్థనలు, పిల్లలకి బొమ్మల కథలు, అన్నీ మీ చేతిలోనే ఉంటాయండి” అన్నారు. జనమంతా ఒక్కసారి ఫోన్లు పైకెత్తారు. నాది మీటల ఫోను. దాన్ని ఎత్తి చూపిస్తే ఆ చదరానికి నా మీద జాలి కలగడం తప్ప ఇంకేమీ జరగదు గనుక జేబులోనే ఉంచుకున్నాను.

నాకు కోపం వచ్చింది. ఎనభై రెండేళ్ళ వయసులో అడక్కుండా వచ్చేవి రెండే, నిద్ర, కోపం. రెండూ చర్చిలోనే ఎక్కువ వస్తాయి. మూడో తరగతితో బడి మానేసి, వచ్చిన అక్షరాలూ మరిచిపోయి, బస్తాలు మోసి, ఇరవై రెండేళ్ళు వచ్చాక మళ్ళీ అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి నేను. ఒక్కో పుస్తకం కోసం పడిన కష్టం తెలిసినవాణ్ణి. అలాంటిది ఇలా వేలు ఆడిస్తే ఎదుగుదల రావడమేమిటని లోపల సణుక్కుంటున్నాను. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు నా వైపు తిరిగారు. “తాతగారూ, పాత చర్చిలో పెద్ద పుస్తకాల బీరువా ఉండేదంట కదండి. తాళం మీ దగ్గరే ఉండేదన్నారు. ఆ పుస్తకాలు ఏమయ్యాయండి? ఉంటే చెప్పండి, ఫోటోలు తీసి అందరికీ పంపుదాం” అన్నారు. పాపం, గౌరవించాలనే అడిగారు. చర్చిలో ఉన్న తలలన్నీ నా వైపు తిరిగాయి.

“చెద తినేసిందండి” అన్నాను.

దేవుని మందిరంలో, ఆరాధన ఆశీర్వాదం ఇంకా చల్లారక ముందే, ఇంతమంది ఎదుట నేనాడిన అబద్ధం అది.

బయట చెప్పులు వేసుకుంటుంటే “వందనాలండి తాతగారూ” అని వినిపించింది. ఈ రోజుల్లో చిన్నా పెద్దా అందరూ ఇంగ్లీషులో ప్రభువును స్తుతించి పలకరించుకుంటున్నారు గనుక, ‘వందనాలు’ అనే మాట వినగానే తల తిప్పాను. మా వీధి చివర ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే అమ్మాయి. లేసు అల్లే ఇంటి పిల్ల. రెండు నెలల కిందట ఆ అమ్మాయి కొడుకు, అయిదేళ్ళవాడు, మూడు రోజుల జ్వరంతో పోయాడు. నేనూ వెళ్ళాను. వెళ్ళి, టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలు సర్ది వచ్చేశాను.

“మీ దగ్గర ఒక పుస్తకం ఉండేదంటండి. మీ మేనత్తగారు చేత్తో రాసింది. బిడ్డలు పోయిన తల్లుల పుస్తకమంట. మా అమ్మమ్మ పోయేదాకా దాని గురించి చెబుతుండేది. అది కూడా చెద తినేసిందాండి?” అంది.

“ఫోనులో ఇప్పుడు చాలా వస్తున్నాయి కదమ్మా” అన్నాను. లోపల కూర్చుని అంత కోపం తెచ్చుకున్న నోటితోనే ఈ మాట అన్నాను.

“వస్తున్నాయండి. పొద్దున్నే కొబ్బరిచెట్ల వెనక సూర్యుడు లేస్తున్న బొమ్మ పంపుతారు. కింద చేతులు జోడించి ఉంటాయి. మనిషికి శ్రమలు రావడానికి ఏడు కారణాలని ఒకాయన వీడియో చెప్పాడు. ఏడూ విన్నానండి. మా బాబు ఎన్నో కారణం కిందికి వస్తాడో తెలియలేదు.” ఏడవలేదు. చెప్పు పట్టీ సరిచేసుకుంటూ మామూలుగా అంది. “నాకు అదొక్కటి కావాలండి. మీరు ఒకసారి చూడండి.”

“చూస్తానమ్మా” అన్నాను. చూడడానికేమీ లేదని తెలుసు. ఆ పుస్తకం ఎక్కడ ఉందో తెలుసు. మేమిద్దరం నిలబడ్డ చోటికి అది పది అడుగుల దూరం కూడా లేదు.

ఇక మా మేనత్త సంగతి చెప్పాలి. ఆవిడ మిషనులో బైబిలు అమ్మగారు. ఆ ఉద్యోగం ఇప్పుడు ఎక్కడా కనిపించదు గనుక అదేమిటో కూడా చెప్పాలి. తెల్ల చీర, నల్ల గొడుగు, భుజానికి గుడ్డ సంచి, కాళ్ళకి టైరు చెప్పులు. ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళ పక్కన కూర్చుని, వాక్యం చదివి వినిపించి, ఆసక్తి ఉన్నవాళ్ళకి నాలుగు అక్షరాలు నేర్పి రావడం ఆవిడ పని. వారంలో రెండు రోజులు నరసాపురం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి అవతలి ఊళ్ళకి వెళ్ళేది. పంటు మీద సైకిళ్ళు, అరటి గెలలు, మేకలు, మధ్యలో గొడుగు వేసుకుని మా మేనత్త. మేక ఆవిడ సంచి నమిలితే “తినవే, నీకైనా వాక్యం ఒంటబడుతుందేమో” అనేది. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. నవ్వితే ఊరి చివరికి వినిపించేది. ఆ నవ్వు గురించి సంఘంలో కొందరికి అభ్యంతరం ఉండేది కూడా. విధవరాలు, అందులోనూ దేవుని పనిలో ఉన్న మనిషి, అంత గట్టిగా నవ్వవచ్చునా అని.

ఆ రోజుల్లో మా వైపు ఏ అరుగు చూసినా లేసు అల్లే ఆడవాళ్ళే. ఒళ్ళో తెల్ల దారం ఉండ, చేతిలో కొక్కెం సూది. చూపు ఆ కొక్కెం మీద నుంచి కదలడానికి లేదు. “వీళ్ళకి చేతులు ఖాళీ ఉండవు, కళ్ళు ఖాళీ ఉండవు. చెవులు మాత్రం రోజంతా ఖాళీయే. దేవుడు నాకు రాసిచ్చిన పొలం ఆ చెవులేరా” అనేది. తక్కిన బైబిలు అమ్మగార్లు వాక్యం చదివి, దాని అర్థం చెప్పి, ప్రార్థన చేసి లేచిపోయేవారు. మా మేనత్త చదివి, మూసి, “ఏమనిపించింది?” అని అడిగేది. అడిగి ఊరుకునేది. ఆ తరువాత ఎవరో ఒకరు నోరు విప్పుతారు. ఆ చెప్పింది చెప్పినట్టు ఆవిడ రాసుకునేది. ప్రభువు ఇద్దరు అక్కచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళిన భాగం చదివినప్పుడు, పని మాని ఆయన పాదాల దగ్గర కూర్చుని బోధ విన్న చెల్లెల్ని అందరూ మెచ్చుకుంటుంటే, ఒక ముసలమ్మ సూది ఆపకుండానే “అదంతా బాగానే ఉందమ్మగారూ, మరి ఆ పూట అన్నం ఎవరు వండారంట?” అందట. మా మేనత్త అది కూడా రాసింది. కింద ‘నాకు తెలియదు, అడగాలి’ అని తన మాటగా రాసుకుంది. ఎవరిని అడగాలో రాయలేదు.

రాయడానికి కాగితం ఎక్కడిదంటే, పాలకొల్లు బజారులో ఒక శెట్టిగారు ఇచ్చేవారు. ఆయన కొట్లో నెల తిరిగినప్పుడల్లా కేలండరు కాగితం చింపి ఈవిడ కోసం పెట్టెలో దాచేవారు. పైన లక్ష్మీదేవి బొమ్మ, మధ్యలో తిథులు, కింద శెట్టిగారి కొట్టు పేరు. వెనక వైపు తెల్లగా, నున్నగా ఉండేది. వాటిని నాలుగు ముక్కలు చేసి, లేసు దారంతో కుట్టి నోటు పుస్తకాలు చేసుకునేది. ఒకసారి మిషను దొరసానిగారు వాటిని చూసి, దేవుని పనికి ఈ బొమ్మల కాగితాలేమిటని కళ్ళెర్రజేశారట. “తిరగేసి చదవండి దొరసానిగారూ. అటుపక్క శెట్టిగారిది, ఇటుపక్క మనది. ఇన్నేళ్ళలో రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకోలేదండి” అందట. ఆ దొరసానిగారికి తెలుగు అంత బాగా రాదు గనుక బతికిపోయింది.

అలాంటివి పాతిక దాకా ఉండేవి. అన్నింటిలోకీ వేరైనది ఆ తల్లుల పుస్తకం. మా మేనత్తకి ఇద్దరు పిల్లలు. భర్త పోయిన ఏడాదికే, ఒక్క వారంలో, వాంతుల జబ్బు వచ్చి ఇద్దరూ పోయారు. ఆవిడ ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది, చింతపండు గింజలు తీస్తూ, తల ఎత్తకుండా. అప్పటి పాస్టరు అయ్యగారు వచ్చి దేవుడు తనకి ఇష్టమైన పువ్వులు కోసుకున్నాడమ్మా అన్నారట. “ఆ వేళ నుంచి రెండేళ్ళు నేను పువ్వు వంక చూడలేదురా” అంది. ఆ తరువాత ఆవిడ చేసిందేమిటంటే, బిడ్డ పోయిన తల్లి ఎక్కడ ఉందని తెలిస్తే అక్కడికి వెళ్ళేది. వాక్యం తీసేది కాదు. కూర్చునేది. చాలా రోజులు తిరిగాక, నీకు ఎవరి మాట పనికొచ్చింది, ఎవరి మాట గుచ్చుకుంది అని అడిగేది. చెప్పింది రాసుకునేది. మొదటి కాగితం నిండా అనకూడని మాటలే. పువ్వు మాట మొదటిది. ఇంకొకరు పుడతారులే అన్నది రెండోది. తరువాతి కాగితాల్లో ఒక్కొక్క తల్లి చెప్పిన మాట ఒక్కొక్కటి. కొత్తగా బిడ్డ పోయిన ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం ఒకటే తీసుకెళ్ళి, ‘నీలాంటి తల్లి ఒకతె ఇలా అంది’ అని చదివేది. ఎవరిదో, ఏ ఊరో చెప్పేది కాదు. వేదాంత కళాశాలల్లో ఏమేమి పుస్తకాలున్నాయో నాకు తెలియదు. అంతకంటే పనికొచ్చే పుస్తకం ఉందంటే మాత్రం నేను నమ్మను.

నేను ఆ పుస్తకాల దగ్గరికి ఎలా వచ్చానంటే, కాలు విరిగి. పాలకొల్లు దగ్గర రైస్ మిల్లులో బస్తాలు మోసేవాణ్ణి. ఒక రోజు వరసలోంచి బస్తా జారి మోకాలికి దిగువన కాలి మీద పడింది. మంచం మీద మూడు నెలలు. నాకు అమ్మా నాన్నా అప్పటికే లేరు గనుక మేనత్త ఇంటికే చేర్చారు. మొదటి వారం కప్పు వాసాలు లెక్కపెట్టాను. రెండో వారం ఆవిడ పలకా బలపం తెచ్చి నా గుండెల మీద పెట్టింది. “కాలు విరిగింది గాని తల విరగలేదు గదరా. దిద్దు” అంది. ఇరవై రెండేళ్ళ మగవాణ్ణి, మీసం ఉన్నవాణ్ణి, చూడడానికి వచ్చిన మిల్లు కూలీల ఎదుట అ ఆలు దిద్దాను. వాళ్ళు నవ్వితే “మీ కాళ్ళు కూడా విరగాలని ప్రార్థన చేస్తాను, ఉండండి” అనేది. మూడో నెలకి తన నోటు పుస్తకాలు ఇచ్చి మంచి కాగితాల మీద ఎత్తి రాయమంది. నేను మొదట కూడబలుక్కుని చదివింది ఆ తల్లుల మాటలే. సగం రాశాను. కాలు బాగైంది. చదవడం వచ్చింది గనుక మిల్లులో నన్ను బస్తాల దగ్గర నుంచి తీసి గుమాస్తా కుర్చీలో కూర్చోబెట్టారు. మిగతా సగం తీరికగా రాస్తానన్నాను. ఆవిడ “నీ తీరిక చూద్దాంలే” అంది. రాసిన సగం కాగితాలు కూడా, ఇల్లు మారినప్పుడో, వాన కురిసినప్పుడో, ఎక్కడో పోయాయి.

పాత చర్చిలో పాస్టర్లు అంగీ మార్చుకునే వెస్ట్రీ గదిలో టేకు బీరువా ఒకటి ఉండేది. దొరలు వెళ్ళిపోతూ వదిలిన పుస్తకాలు, వ్యాఖ్యానాలు, నిఘంటువులు, ప్రసంగాలు. నేను అవన్నీ చదివాను. మిల్లు నుంచి నేరుగా అక్కడికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఇంగ్లీషు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నదే. పలకడం ఇప్పటికీ సరిగ్గా రాదు, అర్థం మాత్రం తప్పదు. నాకు ముప్పై అయిదేళ్ళప్పుడు, మా మేనత్త చివరి రోజుల్లో తన నోటు పుస్తకాలన్నీ నీలం అంచు తెల్ల చీర ముక్కలో మూట కట్టి ఆ బీరువా కింది అరలో పెట్టించింది. ఆ బీరువా తాళంచెవి సంఘం వారు ఆవిడకే ఇచ్చి ఉంచారు. దాన్ని నా చేతిలో పెట్టి, “అడిగినవాళ్ళకి ఇవ్వు. అడగనివాళ్ళకి నువ్వే పట్టుకెళ్ళి ఇవ్వు” అంది. అంతే.

నేను ఏం చేశానో చెబుతాను. నేను ఒక రిజిస్టరు పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. పుస్తకం కావలసినవాళ్ళు ముందు కాగితం రాసివ్వాలి, చేతులు కడుక్కోవాలి, వెస్ట్రీలో నా ఎదుటే చదవాలి, అరటిపండు తిన్న వేళ్ళతో ముట్టుకోకూడదు. ఒక పెద్దాయన పుస్తకం మధ్యలో గుర్తుకి తమలపాకు పెట్టాడని ఏడాది పాటు ఆయనకి పుస్తకం ఇవ్వలేదు. ఏమీ లేనివాడి చేతికి ఒక్క తాళంచెవి వస్తే ఇలాగే ఉంటుంది కాబోలు. అయిదారేళ్ళకి అడిగేవాళ్ళు తగ్గారు. పదేళ్ళకి ఎవరూ రాలేదు. ఈ కాలంలో ఎవరికీ చదువు మీద శ్రద్ధ లేదని నేనే అందరికీ చెప్పుకు తిరిగాను.

ఒకసారి మాత్రం ఒకావిడ వచ్చింది. చెప్పుల దగ్గర నన్ను ఆపిన అమ్మాయి అమ్మమ్మ. అప్పటికి యాభై దాటిన మనిషి, వేళ్ళ కొసలు దారానికి కోసుకుపోయి గరుకు తేలాయి. ఆవిడకి తొలి చూలు బిడ్డ పురిట్లోనే పోతే, అప్పట్లో మా మేనత్త వెళ్ళి కూర్చునేదట. ఇన్నేళ్ళకి మళ్ళీ చేతికందిన కొడుకు పడవ తిరగబడి పోయాడు. ఆవిడ వెస్ట్రీ గుమ్మం బయటే నిలబడింది.

“గుమాస్తాగారూ, అమ్మగారి పుస్తకం ఒకసారి ఇప్పిస్తారాండి? తల్లుల పుస్తకం. అందులో నేను చెప్పింది కూడా ఉందండి. అప్పుడు ఏం చెప్పానో మర్చిపోయానండి. ఇప్పుడు అది వినాలండి.”

ఆ మాటకి లేచి బీరువా తియ్యాలి. నేను తియ్యలేదు. ఆవిడ చేతుల వంక చూశాను. “మీకు చదవడం రాదు కదమ్మా” అన్నాను. “మా అల్లుడి చేత చదివించుకుంటానండి” అంది. “అది రిజిస్టరులో ఎక్కని పుస్తకం. కమిటీని అడిగి చెప్పాలి. రేపు రండి” అన్నాను. కమిటీకి ఆ పుస్తకం ఉన్నట్టే తెలియదు. మర్నాడు వచ్చింది. కమిటీ కూర్చోలేదన్నాను. ఆ తరువాతి వారం ఇంకొక్కసారి వచ్చింది, నేను మిల్లు నుంచి ఆలస్యంగా వచ్చాను, గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయిందని గంట కొట్టేవాడు చెప్పాడు. మళ్ళీ రాలేదు. నేను వెళ్ళలేదు.

పదకొండేళ్ళ కిందట పాత చర్చి కూల్చి కొత్తది కట్టాలనుకున్నారు. బీరువా తీసి చూస్తే పై అరల్లో నిజంగానే చెద పట్టింది. దాని మీద సంఘంలో పెద్ద చర్చ. దేవుని వాక్యం ఉన్న పుస్తకాల్ని పాత కాగితాలవాడికి ఇవ్వడానికి మనసొప్పదు. కాల్చడం పాపం. గోదావరిలో వదులుదామని ఎవరో అంటే, అది మన పద్ధతి కాదని నలుగురు లేచారు. మా సంఘపెద్ద రిటైరైన హెడ్మాష్టారు, మాటకారి. ఆయనకి ఆలోచన వచ్చింది. “మన చర్చికి వాక్యమే పునాది అంటాం కదా. నిజంగానే పునాదిలో వేద్దాం. గంట గోపురం కింద ఒక పెట్టె కట్టించి అందులో పెట్టి మూసేద్దాం” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కుంటుతూ వచ్చి నేనూ కొట్టాను. అంత భక్తితో పుస్తకాలను పాతిపెట్టిన మనుషులు ఇంకెక్కడా ఉండరనుకుంటాను. వాటిలో ఒకటైనా తీసి చదువుదామని ఆ భక్తిలో ఒక్కరికీ తోచలేదు. ఏది దాచాలో, ఏది వెయ్యాలో విడదియ్యమని హెడ్మాష్టారు తాళంచెవి ఉన్న నాకే చెప్పారు. మోకాలు నొప్పిగా ఉంది, మీరే సర్దించండి అన్నాను.

శంకుస్థాపనకి మేమంతా పెద్ద అయ్యగారనే బిషపుగారు వచ్చారు. ఇన్నేళ్ళు పుస్తకాలు కాపాడినందుకని నాకు శాలువా కప్పారు, చేమంతి దండ వేశారు, మొదటి పుస్తకం నా చేతే పెట్టెలో పెట్టించారు. ఫోటోలు తీశారు. కాంక్రీటు కలిపే యంత్రం పక్కన తిరుగుతూనే ఉంది. కుర్రాళ్ళు వరసగా పుస్తకాలు అందిస్తున్నారు. చివర్లో నీలం అంచు మూట ఒకటి వచ్చింది. ముడి వదులై ఒక కాగితం అంచు బయటికి కనిపించింది, లక్ష్మీదేవి చేతిలో తామరపువ్వు. హెడ్మాష్టారు చూసి “ఇవేంటండి, పాత కేలండర్లా? పోనీలెండి, మూల ఖాళీగా ఉంది, అక్కడ కుక్కెయ్యండి” అన్నారు.

నాకు తెలిసింది. ఆ అంచు చూడగానే తెలిసింది. ఒక్క మాట అంటే చాలు, ఆగండి అంటే చాలు. పెద్ద అయ్యగారు ప్రార్థనకి కళ్ళు మూసుకున్నారు. నా భుజం మీద శాలువా ఉంది. ఇంతమంది ఎదుట ప్రార్థన ఆపి, అసలైన పుస్తకం ఇదండీ, దీన్ని పక్కన పెట్టడం నేనే మరిచానండీ అని చెప్పాలి. నేనూ కళ్ళు మూసుకున్నాను. ఆమేన్ అన్నాక తెరిచి చూస్తే పెట్టె మూత పడింది. కాంక్రీటు పోశారు.

పెట్టెలో వేసినవి చెద పట్టినవేనని చూసినవాళ్ళంతా అనుకున్నారు గనుక మొన్న నా అబద్ధాన్ని ఎవరూ కాదనలేదు. ఇంత జరిగాక ఇప్పుడు తెర మీద నల్లచుక్కల చదరం చూసి నాకు కోపం. ఆ కుర్ర పాస్టరుగారు కనీసం ఎవరినీ చేతులు కడుక్కోమనలేదు. రేపు రమ్మనలేదు.

నాలుగు రోజులు ఆగి, మధ్యాహ్నం బడికి సెలవు ఉన్న రోజు చూసుకుని ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కుర్చీ వేసింది. గోడకి పిల్లవాడి బడి సంచి ఇంకా వేలాడుతూనే ఉంది. అన్నీ చెప్పాను. చెద కాదని చెప్పాను. వాళ్ళ అమ్మమ్మ మూడుసార్లు వచ్చిందని, రెండుసార్లు నేనే తిప్పి పంపానని చెప్పాను. మూట సంగతి, శాలువా సంగతి చెప్పాను. ఆ అమ్మాయి లేచి ఆ బడి సంచి మీది దుమ్ము తుడిచింది. తిట్టినా బాగుండేది.

“మా అమ్మమ్మ మిమ్మల్నేమీ అనలేదండి. తనకే చదువు రాదు, అందుకే ఇవ్వలేదు అనుకుంది. అందుకే పట్టుబట్టి నన్ను బళ్ళో వేసింది” అంది. తరువాత లోపలికి వెళ్ళి ఫోను తెచ్చి, మీట నొక్కి, నా ఎదురుగా గట్టు మీద పెట్టింది. “మీకు గుర్తున్నంత చెప్పండి. రికార్డు అవుతుంది.”

నేను తిట్టుకున్న ఆ వస్తువులోకే వంగి చెప్పాను. అనకూడని మాటలు గుర్తున్నంత చెప్పాను. ఒక తల్లి అన్నది, నాకు ఎవరూ ఏమీ చెప్పొద్దు, నా బిడ్డ పేరు నా ఎదుట పలకడం మాత్రం మానొద్దు. ఇంకొకతె అన్నది, పది రోజులు అందరూ వచ్చారు, పదకొండో రోజు ఒక్క మనిషి వచ్చి అంట్లు తోమి వెళ్ళింది, దేవుడు వచ్చింది ఆ పదకొండో రోజునే అనుకుంటాను. ఇంకొకతె, ఏడాది పాటు నేను ప్రార్థన చెయ్యలేదమ్మగారూ, నా బదులు మా అత్త చేసింది, అది నాకు చెల్లుతుందా అంటే, మేనత్త కింద ‘చెల్లుతుంది’ అని ఒక్క మాట రాసింది. అవతలి రేవు ఆవిడ, పాట పాడలేని రోజున పెదవులు కదిపితే చాలు, పక్కన కూర్చున్నవాళ్ళు పాడతారు అంది. అక్కడికి ఆగాను. నలభై మంది తల్లుల్లో నాకు మిగిలింది నలుగురు.

ఆ అమ్మాయి మధ్యలో ఒక్కసారే కళ్ళు తుడుచుకుంది, పదకొండో రోజు దగ్గర. “అనకూడని వాటిలో ఇంకొకటి చేర్చండి” అంది. “‘నువ్వు టీచరువి, ధైర్యంగా ఉండాలి’ అనకూడదు.” ఫోనుకి వినపడేలా నేను ఆ మాట మళ్ళీ చెప్పాను.

“మరి మా అమ్మమ్మదండి?” అంది.

ఆ కాగితం నాకు గుర్తుంది. కాలు కట్టుతో మంచం మీద పడుకుని నా చేత్తో ఎత్తి రాసిన కాగితం. ముందు వైపు ఏదో శ్రావణ మాసం, శుక్రవారాలకి ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాయి. వెనక వైపు రెండో వరస చివర సిరా మరక, జామకాయ ఆకారంలో. లేసు అల్లే పిల్ల, తొలి చూలు, అని మొదలవుతుంది. ఆ తరువాత మాట గుర్తు రాలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఫోను రికార్డు చేస్తూనే ఉంది, వీధిలో ఐసు బండి గంట, పక్కింటి కుక్కరు ఈల, నా దగ్గు. ఆ మాట రాలేదు.

“పరవాలేదండి తాతగారూ” అని ఆ అమ్మాయి ఫోను ఆపేసింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి నాకు ఆ మాట చెప్పవలసి వచ్చింది.

ఆదివారం గంట మోగినప్పుడు నేనిప్పుడు గోపురం పక్క నుంచి లోపలికి వెళ్ళడం లేదు, చుట్టూ తిరిగి వెనక గుమ్మం నుంచి వెళుతున్నాను. తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది. బీరువాని కొత్త వెస్ట్రీలో ప్లేట్లు, గ్లాసులు పెట్టుకోవడానికి వాడుతున్నారు, దానికి తాళం వెయ్యరు. కాలం అన్నింటినీ మింగేసిందని నా ఈడువాళ్ళంతా అరుగుల మీద కూర్చుని నిట్టూరుస్తుంటారు. నేను ఆ మాట అనలేను. ముప్పై ఆరేళ్ళు కాలం ఆ బీరువా ముందు ఓపిగ్గా నిలబడి నన్ను తాళం తియ్యమనే అడిగింది. రేపు రమ్మని తిప్పి పంపింది నేను.